ఏ గేజీ? ఎన్ని గంటలకు?

సంపాదకులకు,

అయ్యా,

“భద్రాచలంలో గోదావరి 160 అడుగులు. 86 వరదకు రెట్టింపు. లంకల్లో ఉన్నవాళ్ళు వెంటనే బయటికి రండి. అన్ని గ్రూపుల్లో పెట్టండి.” వరద రోజుల్లో కోనసీమ ఫోన్లలో తిరిగే సందేశాల తీరు ఇలా ఉంటుంది. చదివి గుండె ఝల్లుమన్నవాళ్ళు ఆ క్షణమే పది మందికి పంపుతారు. మరికొందరు ఒట్టి పుకారని కొట్టిపారేస్తారు. ఇద్దరూ తొందరపడ్డట్టే. ఇలాంటివాటిలో చాలావాటిని ఎవరూ పనిగట్టుకుని పుట్టించరు. నిజమైన అంకెనే తెచ్చి తప్పు చోట నిలబెడతారు. ఆ తప్పు ఎక్కడ దొర్లుతుందో తెలిస్తే దిద్దుకోవడం పెద్ద పనేమీ కాదు.

ఈ 160 సంగతే చూడండి. కేంద్ర జలసంఘం భద్రాచలం దగ్గర ప్రమాద మట్టాన్ని 48.77 మీటర్లుగా చూపిస్తుంది. మీటరుకు 3.281 అడుగుల చొప్పున హెచ్చవేస్తే సరిగ్గా 160 వస్తుంది. లెక్క తప్పు కాదు. కానీ ఆ మీటర్లు సముద్ర మట్టం నుంచి కొలిచినవి. మనం చిన్నప్పటి నుంచి వింటున్న 43, 48, 53 అడుగుల హెచ్చరికలు భద్రాచలం ఘాటు దగ్గరి గేజీవి, అంటే నీటిమట్టం కొలిచే అంకెల పలకవి. ఆ గేజీ సున్నా సముద్ర మట్టానికి 107 అడుగుల ఎత్తున ఉంది. 160లోంచి 107 తీసేస్తే 53. అంటే మూడో హెచ్చరిక. తేలిగ్గా తీసుకోదగ్గ వరద కాదు, అయినా 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగులతో పోలిస్తే 22 అడుగులకు పైగా తక్కువ. 2022 జూలైలో అదే గేజీ 71.3 చూపించింది.

ధవళేశ్వరానికి తీసెయ్యాల్సింది 35 అడుగులు. జలసంఘం లెక్కలో 14.25 మీటర్లంటే 46.75 అడుగులు, అందులో 35 పోతే 11.75. అదే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక. 16.08 మీటర్లు అలాగే 17.75 అవుతుంది, అది మూడోది. భద్రాచలానికి 107, ధవళేశ్వరానికి 35 అన్న రెండు అంకెలు గుర్తుంటే ఎక్కడ మీటర్లు కనిపించినా ఫోన్లోని కాలిక్యులేటరు మీద అర నిమిషంలో మన అడుగుల్లోకి దించుకోవచ్చు.

పోలవరం మాట వచ్చినప్పుడు ఇంకో చిక్కు ఉంది. అక్కడి మట్టాలన్నీ సముద్ర మట్టం నుంచి చెప్పే మీటర్లే. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. భద్రాచలం మొదటి హెచ్చరిక కూడా జలసంఘం మీటర్లలో 45.72 అవుతుంది. రెండూ ఒకే అంకె కావడం వల్ల ఒకదాని వార్త ఇంకొకదానికి అతుక్కుపోతుంది. కాబట్టి మీటర్లలో ఉన్న అంకె పక్కన ఊరి పేరు లేకపోతే దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది.

దశాంశాలతోనూ జాగ్రత్తగా ఉండాలి. 11.75 అంటే పదకొండు ముప్పావు, అంటే 11 అడుగుల 9 అంగుళాలు. కొందరు దాన్ని “11 అడుగుల 75 అంగుళాలు” అని చదివేస్తారు. ఆ లెక్కన నీరు ఇంకో అయిదున్నర అడుగులు ఎక్కువ ఉన్నట్టు! క్యూసెక్కులు, అంటే సెకనుకు పారే ఘనపుటడుగులు, కూడా మట్టంతో పాటు సమానంగా పెరగవు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు 10 లక్షలు, 13.75కి 13 లక్షలు, 17.75కి 17 లక్షలు. మొదటి రెండు అడుగులకు మూడు లక్షలు పెరిగితే, తర్వాతి నాలుగు అడుగులకు నాలుగు లక్షలే పెరిగాయి. “అడుగుకి లక్ష” అని చేతి లెక్క వేసి పంపేవాళ్ళు ఇది గమనించాలి.

ఇక వేళ. ఈ ఉత్తరంలో మేం అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది దీని గురించే. భద్రాచలం దాటిన వరద శిఖరం ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. నదిలో అప్పటికే ఉన్న నీటిని బట్టి ముందూ వెనకా అవుతుంది. భద్రాచలంలో వరద తీస్తోందన్న వార్త వచ్చేసరికి మన దగ్గర ఇంకా పోటెక్కుతూనే ఉంటుంది. “గోదావరి తగ్గుముఖం” అని ఎవరో ఊరి పేరు లేకుండా పెడతారు. అది చూసి ఏటిగట్టు మీద తలదాచుకున్న మనిషి పాడి గేదెల కోసమో, ఇంట్లో వదిలేసిన ధాన్యం కోసమో మళ్ళీ లంకలోకి దిగుతాడు. ఆ రాత్రి నీరు ఇంకో రెండడుగులు పెరుగుతుంది. లేనిపోని భయం పెట్టే సందేశం వల్ల నష్టం ఉంది, కాదనం. పచ్చి అరటి గెలలు అయినకాడికి తెగనమ్ముకోవాల్సి వస్తుంది, ముసలివాళ్ళను వానలో నడిపించాల్సి వస్తుంది. కానీ లేని ధైర్యం ఇచ్చే సందేశం ప్రాణం మీదికి తెస్తుంది. పుకార్లను నమ్మొద్దని చెప్పేవాళ్ళు మొదటి రకం గురించే మాట్లాడతారు. రెండో రకాన్ని పుకారని గుర్తించేవాళ్ళే తక్కువ.

పైగా శబరి ఉంది. అది గోదావరిలో కలిసేది కూనవరం దగ్గర, అంటే భద్రాచలానికి దిగువన. ఛత్తీస్‌గఢ్, ఒడిశా కొండల్లో కురిసి శబరిలోకి దిగిన నీరు భద్రాచలం గేజీ లెక్కలోకి నేరుగా రాదు. భద్రాచలం నిలకడగా ఉన్నా ధవళేశ్వరం పెరగడానికి ఇదో కారణం. అందుకని ఎగువ సమాచారం పంపేవాళ్ళు భద్రాచలంతో పాటు కుంట, చింతూరు వైపు శబరి ఎలా ఉందో కూడా కనుక్కుని కలపాలి. అది లేకపోతే సగం మాటే చెప్పినట్టు.

“బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు” అనేది ఏటా తిరిగే మరో కేక. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ఆర్మ్‌లకు, అంటే బ్యారేజీ భాగాలకు, కలిపి 175 గేట్లున్నాయి. ఆ బ్యారేజీ వరదను ఆపడానికి కట్టింది కాదు, కాలువలకు నీరెక్కించడానికి కట్టింది. అందులో నిలవుండేది మూడు టీఎంసీల లోపే (టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు). 10 లక్షల క్యూసెక్కుల వరద రోజంతా పారితే 86.4 టీఎంసీలు. ఆ ఉరవడిలో ఖాళీ బ్యారేజీ నిండటానికి గంట కూడా పట్టదు. కాబట్టి పెద్ద వరదలో పైనుంచి వచ్చింది వచ్చినట్టు కిందికి పోవాల్సిందే, గేట్లు ఎత్తి ఉండాల్సిందే. ఎత్తారంటే కొత్త నీరేదో మన మీదికి వదిలారని అర్థం కాదు. పోలవరం స్పిల్‌వే 48 గేట్ల గురించి వచ్చే వార్తల్నీ ఇదే దృష్టితో చదవాలి. గేట్ల సంఖ్య కాదు, ఎన్ని లక్షల క్యూసెక్కులు, ఎన్ని గంటల లెక్క అన్నది అడగాలి.

హెచ్చరిక అంకెలు బ్యారేజీవి, మన ఊరివి కావు. ఈ ముక్క మన జిల్లాల్లో చదువుకున్నవాళ్ళు కూడా మరిచిపోతుంటారు. చాకలిపాలెం, కనకాయలంక మధ్య కాజ్‌వే మొదటి హెచ్చరిక రాకముందే మునుగుతుంది. ముక్తేశ్వరం ఎదురుబిడియం కాజ్‌వే, ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక దారులు దేని మట్టం దానిదే. “ఇంకా మొదటి హెచ్చరిక కూడా ఇవ్వలేదు” అన్న మాట అమలాపురంలో ఉన్నవాళ్ళకు ధైర్యం, కనకాయలంక వాళ్ళకు అప్పటికే పడవ ప్రయాణం. వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల్లో నీరు ఒకే వేళకు ఒకేలా ఎక్కదు. సముద్రం దగ్గరి ఊళ్ళలో అమావాస్య, పౌర్ణమి పోటు తోడైతే వరద నీరు దిగడం ఆలస్యమవుతుంది, డ్రెయిన్లు ఎగదన్నుతాయి. బ్యారేజీ దగ్గర అడుగు తగ్గిన రోజునే శంకరగుప్తం డ్రెయిన్ వైపు చేలల్లో నీరు కదలకుండా నిలబడి ఉండొచ్చు. అందులో వింతేమీ లేదు.

దీనికి మందు ఏ ఫోన్లోనూ లేదు, ఊళ్ళోనే ఉంది. ప్రతి లంకలో ఒక నోటుబుక్కు పెట్టండి. ధవళేశ్వరం గేజీ అడుగుల్లో ఎంత, ఎన్ని లక్షల క్యూసెక్కులు, ఎన్ని గంటలకు, పెరుగుతోందా తీస్తోందా, అదే వేళకు మన రేవులో నీరు ఎక్కడిదాకా ఉంది, తిథి ఏమిటి, ఇంతే. మామూలు రోజుల్లో ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం, సాయంత్రం ఆరింటికి రాస్తే చాలు. వరద జోరు మీదున్నప్పుడు గంట గంటకూ రాయాలి. రేవు మెట్లను కిందినుంచి లెక్కపెట్టొద్దు, ప్రతి వరదకూ ఒండ్రు మేటవేసి కింది మెట్లు కనపడకుండా పోతాయి. పైమెట్టు నుంచి కిందికి లెక్కపెట్టాలి. రంగు గుర్తులు గుడి అరుగుకో, కాజ్‌వే అంచు దిమ్మకో వెయ్యండి. కోతకు గురయ్యే ఒడ్డున కొబ్బరి చెట్టు మీద గుర్తు పెడితే వచ్చే ఏడాది చెట్టే ఉండకపోవచ్చు. కరెంటు స్తంభం వద్దు, నీటిలో దాని దగ్గరికి వెళ్ళి చూడటం ప్రమాదం. నాలుగైదు వరదలు ఇలా రాస్తే “ధవళేశ్వరంలో ఇంత ఉంటే మన కాజ్‌వే ఇన్ని గంటల తర్వాత మునుగుతుంది” అని ఎవరినీ అడగకుండా చెప్పగలుగుతారు. 86 నాటి గుర్తులు ఉంచుకోండి కానీ వాటి మీదే లెక్క వెయ్యొద్దు. మేటల వల్ల, ఇసుక తవ్వకాల వల్ల నది అడుగుభాగం మారుతుంది. దగ్గరి సంవత్సరాల లెక్కే నిక్కమైనది.

గట్టుకు గండి పడిందన్న వార్త విషయంలో మరీ జాగ్రత్త కావాలి. గట్టు కింద ఊట రావడం వేరు, గట్టు జారడం వేరు, గండి వేరు. ఫోన్లలో మూడింటికీ “గండి” అనే పేరే పెడతారు. ఊట తేటగా వస్తుంటే కనిపెట్టుకుని ఉండాలి. బురదగా, మట్టి రంగులో వస్తుంటే లోపల గట్టు మట్టి కొట్టుకుపోతోందని గుర్తు, ఎలుక బొరియల దగ్గర మొదలయ్యేది ఇదే. అక్కడ నిమిషాలు కూడా విలువైనవే. అప్పుడు గ్రూపుల్లో పెట్టే ముందు జలవనరుల శాఖ వాళ్ళకు, వీఆర్వోకు ఫోన్ చెయ్యాలి. కుడి గట్టా ఎడమ గట్టా, ఏ ఊరి దగ్గర, ఎన్నో కిలోమీటరు, తేట నీరా బురద నీరా చెప్పాలి. లొకేషన్ పిన్ పంపితే ఇసుక బస్తాల లారీ దారి తప్పకుండా వస్తుంది. “గోదారి గట్టు తెగిపోయింది” అని ఊరి పేరు లేకుండా పెడితే ఆ లారీ ఎటు వెళ్ళాలి?

ఫొటోలు, వీడియోల సంగతి తెలిసిందే కనుక కొద్దిగా చెబుతాం. వాట్సాప్‌లో సందేశం పైన జంట బాణాలు, “చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది” అని ఉంటే అది కనీసం అయిదు చేతులు మారి వచ్చిందని అర్థం. పంపిన బావమరిది చూసి పంపింది కాదు. అయితే ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పెడితే, లేదా ఫోన్లోకి దించుకుని కొత్తగా పంపితే ఆ గుర్తు పోతుంది. కాబట్టి బాణాలు లేనంత మాత్రాన తాజాది కాదు. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేస్తే పాత వార్తల్లో ఉన్నదైతే చాలాసార్లు దొరుకుతుంది. దొరకలేదంటే నిజమని అర్థం చేసుకోకూడదు. 2022 వీడియోలే ఏటా తిరిగొస్తున్నాయి. ఇప్పుడు ఏఐతో చేసిన బొమ్మలూ వచ్చి కలిశాయి. గేజీ పలక మీద అంకెలు కింది నుంచి పైకి వరసగా, సమాన దూరంలో ఉన్నాయా, బోర్డుల మీద తెలుగు అక్షరాలు చదవడానికి వస్తున్నాయా చూడండి. ఈ లోపాలు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి, వాటినే నమ్ముకోలేం. ఆ రేవులో ఉన్న మనిషికి ఒక్క ఫోన్ చేసి “ఇప్పుడు ఎన్నో మెట్టు?” అని అడగడాన్ని మించిన పరీక్ష మాకు తెలియదు.

గూగుల్లో “ధవళేశ్వరం నీటిమట్టం ఈరోజు” అని వెతికేవాళ్ళకు ఒక మాట. శీర్షికలో “నేడు” అని ఉంటే అది ఆ వార్త రాసిన నాటి నేడు. లోపలికి వెళ్ళి తేదీ చూడాలి. ఏఐని అడిగితే చక్కటి తెలుగులో చెబుతుంది. అది ఎన్ని గంటల రీడింగో, ఏ గేజీదో తిరిగి అడగండి. చెప్పలేకపోతే ఆ అంకెను వదిలెయ్యండి. కేంద్ర జలసంఘం 2023లో తెచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌లో మట్టం పక్కనే వేళ ఉంటుంది. కాకపోతే మీటర్లు, పైన చెప్పినట్టు తీసివేత చేసుకోవాలి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకు 1070, అత్యవసరానికి 112.

తప్పు సందేశం పంపామని తెలిశాక చాలామంది గుట్టుగా డిలీట్ చేసి ఊరుకుంటారు. మీ గ్రూపులో పోతుంది, అక్కడి నుంచి ముందుకెళ్ళిన కాపీలు పోవు. “ఉదయం నేను పెట్టిన 160 అడుగులు తప్పు, అది సముద్ర మట్టం నుంచి, గేజీ మీద 53” అని అదే గ్రూపులో రాయడం నామోషీ కాదు. ఆ దిద్దుబాటు కూడా ముందుకు పోతుంది. విపత్తు గురించి తప్పుడు హెచ్చరికలు వ్యాపింపజేసి జనాన్ని భయభ్రాంతులకు గురిచేస్తే 2005 విపత్తుల నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు లేదా జరిమానా ఉంది. ఆ సెక్షన్ పేరు చెప్పి బెదిరించినందువల్ల పుకార్లు ఆగుతాయని మేం అనుకోవడం లేదు. సరైన అంకె వేళకు అందని చోటే తప్పు అంకె తిరుగుతుంది. గ్రామ సచివాలయం గోడ మీద నల్లబల్ల పెట్టి మూడు పూటలా ధవళేశ్వరం రీడింగు, వేళ రాయిస్తే ఖర్చు ఒక సుద్దముక్క. ఫోన్ లేని ముసలివాళ్ళకూ, ఛార్జింగ్ అయిపోయినవాళ్ళకూ అది కనిపిస్తుంది. కరెంటు పోయిన రాత్రి టముకే దిక్కు. దాన్ని మానెయ్యొద్దని పంచాయతీలకు మనవి.

మీ పత్రికకు కూడా రెండు విన్నపాలున్నాయి. పొద్దున్నే మా చేతికొచ్చే పేపర్లో ఉండే మట్టం నిన్న రాత్రి తొమ్మిదింటిదో పదింటిదో. చదివేసరికి ఏడెనిమిది గంటల పాతది, ఆ లోపు మట్టం ఒక అడుగు మారిపోయి ఉండొచ్చు. కాబట్టి ప్రతి అంకె పక్కన వేళ వెయ్యండి, పెరుగుతోందో తీస్తోందో ఒక్క ముక్క రాయండి. మీటర్లు వేస్తే పక్కనే గేజీ అడుగులు వెయ్యండి. శీర్షికలో “గోదావరికి వరద” అని కాకుండా ఎక్కడి గోదావరో రాయండి. రెండోది, జూలై మొదటి వారంలో జిల్లా ఎడిషన్లో ఒక పావు పేజీ ఖాళీ పట్టిక అచ్చు వెయ్యండి. పైన 107, 35 తీసివేతలు, మూడు హెచ్చరికల అంకెలు. కింద తేదీ, వేళ, ధవళేశ్వరం, మన రేవు అని నాలుగు గడులు, ఓ నలభై వరసలు. కత్తిరించి రేవు దగ్గరి టీకొట్టు గోడకు అంటించుకుంటాం, పెన్సిల్ దారంతో కట్టుకుంటాం.

ఇట్లు,
లంక గ్రామాల పాఠకులు,
పి.గన్నవరం మండలం, డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ కోనసీమ జిల్లా